ఒకే కుండీలో రకరకాల సీజనల్ పూలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అక్టోబరులో నర్సరీలకు పెటూనియాలు రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. మా అపార్ట్‌మెంట్ వాళ్ళు, చుట్టాలు, వాళ్ళ స్నేహితులు, అందరివీ దాదాపు అవే సందేహాలు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. నేను హైదరాబాద్‌లో మిద్దె మీద పెంచుతాను కాబట్టి నెలల లెక్క ఇక్కడిదే, కోస్తాలో తేడా వచ్చేచోట ఆ సంగతి చెప్పాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## కొనే ముందు

ఒకే కుండీలో నాలుగు రకాలు పెడితే ఒకదాన్నొకటి తినేయవా?

జత కుదరకపోతే తినేస్తాయి. చాలామంది రంగులు చూసి జత కడతారు, చూడాల్సింది మాత్రం దాహం. కుండీలో మట్టి ఒకటే, మీరు పోసే నీళ్ళూ ఒకటే, కాబట్టి అందులో ఉండే మొక్కలన్నింటికీ ఇంచుమించు ఒకేలాంటి నీళ్ళు, ఒకేలాంటి ఎండ కావాలి. మొదటి ఏడాది నేను నాచు పూలు, పెటూనియా ఒకే కుండీలో పెట్టాను. పెటూనియా వాడిపోతోందని రోజూ నీళ్ళు పోస్తే నాచు మొదళ్ళు కుళ్ళాయి, నాచు కోసం ఆపితే పెటూనియా తల వాల్చేసింది, నెల తిరిగేసరికి రెండూ పోయాయి. తేమ కోరేవి ఒక కుండీలో, ఆరితేగాని నీళ్ళు అడగనివి ఇంకో కుండీలో పెట్టండి, సగం సమస్యలు రావు.

రెండు వారాల్లో అయిపోయేవి వద్దు. నెలల తరబడి పూసేవి ఏవి?

చలికాలంలో పెటూనియా, ఫ్రెంచ్ బంతి, డయాంథస్, వెర్బెనా, సాల్వియా, అలిసమ్. నవంబరులో మొదలైతే మార్చి మొదటి వారం దాకా లాగుతాయి. ఎండలకు నాచు పూలు (పోర్చులాకా), జినియా, బొగడబంతి, పసుపు కాస్మాస్. బిళ్ళ గన్నేరు మాత్రం మన దగ్గర దాదాపు ఏడాదంతా పూస్తుంది, నిజానికి అది ఒక్క సీజన్‌తో చచ్చిపోయే మొక్కే కాదు. చేమంతి అంటే నాకూ ఇష్టమే, కానీ దాని పూత ఒక్కసారి విరగబూసి నెలలో ముగుస్తుంది, ఆ తర్వాత కుండీ మధ్యలో ఎండు పూలగుత్తిలా మిగులుతుంది. దాన్ని విడిగా పెంచుకోండి.

మా బాల్కనీకి మూడు గంటల ఎండే వస్తుంది, ఏమైనా పూస్తుందా?

పూస్తుంది, కానీ బంతి, జినియా, నాచు మీద ఆశ పెట్టుకోకండి. వాటికి కనీసం ఐదారు గంటల నేరుగా తగిలే ఎండ కావాలి. తక్కువైతే సన్నగా పొడుగ్గా సాగి పూత మానేస్తాయి. మీకు సరిపడేవి టొరేనియా, ఇంపేషన్స్, చిన్న ఆకుల బిగోనియా. వీటి పక్కన ఒక కోలియస్ పెడితే పూలు తగ్గిన రోజుల్లో కూడా దాని ఆకులే రంగు ఇస్తాయి. ఆ మూడు గంటలూ పొద్దుటి ఎండ అయితే మీరు అదృష్టవంతులే. పడమటి బాల్కనీలో మధ్యాహ్నపు మూడు గంటలంటే మాత్రం లెక్క వేరు, ఆ వేడికి టొరేనియా మాడిపోతుంది, అక్కడ బిళ్ళ గన్నేరు పెట్టి చూడండి.

కుండీ ఎంత ఉండాలి, అందులో ఎన్ని మొక్కలు?

12 అంగుళాల కుండీలో మూడు నుంచి నాలుగు, 16 అంగుళాల దానిలో ఆరు. నాటిన రోజు బోసిగా కనిపిస్తుంది, అయినా ఆగండి, నెలకు నిండుతుంది. ఎనిమిది అంగుళాల కుండీలో రకరకాలు కలపొద్దు, మట్టి కాస్తే ఉండడంతో ఎండాకాలంలో మధ్యాహ్నానికే ఆరిపోతుంది. మట్టి కుండీ గాలి పీలుస్తుంది కానీ త్వరగా ఆరుతుంది, ప్లాస్టిక్‌ది తేమ నిలుపుతుంది కానీ నల్లదైతే మిద్దె మీద వేళ్ళు ఉడికిపోతాయి, తెల్లదో లేతరంగుదో చూడండి. తడి మట్టితో పెద్ద కుండీ చాలా బరువు తూగుతుంది, కాబట్టి శ్లాబు మధ్యలో గుంపుగా కాకుండా పిట్టగోడ వెంట, కింద బీములు ఉన్నచోట పెట్టుకోండి.

నర్సరీలో పూలు నిండుగా ఉన్న మొక్కే తీసుకోవాలా?

వద్దు. కవరులోనే విరగబూసిన మొక్క తన బలం సగం అక్కడే ఖర్చు చేసి ఉంటుంది. పొట్టిగా, పక్క కొమ్మలు వేసి, మొగ్గలతో ఉన్నదాన్ని తీసుకోండి. రంగు తెలియడానికి ఒక్క పువ్వు విచ్చి ఉంటే చాలు. ఆకు తిప్పి అడుగున చూడండి, పిండిలా తెల్లగా ఉన్నా సన్నటి బూజు దారాలున్నా వదిలేయండి. కవరు కింద నుంచి వేళ్ళు గుత్తిగా బయటికి వచ్చాయంటే చాలా రోజులుగా అందులోనే ఇరుక్కుందని అర్థం. గోదావరి వైపు వాళ్ళు కడియం, కడియపులంక నర్సరీలకు వెళ్తే ఎంచుకోవడానికి బోలెడు దొరుకుతాయి, కాకపోతే అక్కడ చూసినవన్నీ కొనేయాలనిపిస్తుంది, ఎన్ని కుండీలున్నాయో కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

దండలకు కట్టే పెద్ద బంతిని ఇందులో పెట్టొచ్చా?

పెట్టకండి. పూసా నారంగి గైందా, పూసా బసంతి గైందా లాంటివి పొలంలో, దండల కోసం పెంచే పొడుగు రకాలు. కుండీలో పక్క మొక్కల మీద నీడ వేస్తాయి, పువ్వు బరువుకు గాలికి ఒరిగిపోతాయి. కలిపి పెంచడానికి అడుగు లోపు ఎత్తుండే ఫ్రెంచ్ బంతి బాగుంటుంది. పువ్వు చిన్నదే కానీ ఒక్కో మొక్కకు లెక్కలేనన్ని పూస్తుంది. పూజకు పెద్ద బంతి కావాలంటే దానికి విడిగా ఒక గ్రో బ్యాగ్ ఇవ్వండి.

## జత కట్టేటప్పుడు

థియరీ వద్దు, కుదిరిన జతలు చెప్పండి.

నాకు ఏటా కుదురుతున్నవే చెబుతాను. చలికాలానికి, మధ్యలో ఎర్ర సాల్వియా ఒకటి, దాని చుట్టూ రెండు పెటూనియాలు, అంచున తెల్ల అలిసమ్. సాల్వియా నిటారుగా లేస్తుంది, పెటూనియా మధ్యంతా నింపుతుంది, అలిసమ్ కుండీ అంచు దాటి నురగలా కిందికి జారుతుంది, పైగా దగ్గరికి వెళ్తే తేనె వాసన. పైకి లేచేది ఒకటి, గుబురుగా నింపేది ఒకటి, కిందికి వేలాడేది ఒకటి ఉంటే కుండీ నిండుగా కనబడుతుంది. కిందికి వేలాడే మొక్కను మరిచిపోతే కుండీ అంచు బోడిగా ఉండిపోతుంది.

ఎండాకాలానికి, మధ్యలో బొగడబంతి, చుట్టూ బిళ్ళ గన్నేరు, అంచున నాచు. మూడూ ఎండను తట్టుకుంటాయి, మూడూ కాస్త ఆరిన మట్టినే కోరతాయి. నిరుడు మే నెలలో మా మిద్దె మీద పచ్చగా నిలబడ్డ కుండీ ఇదొక్కటే.

వానాకాలానికి కోడిజుట్టు, పొట్టి పసుపు కాస్మాస్ కలపండి. బతుకమ్మలో పేర్చే గునుగుకు కోడిజుట్టు దగ్గరి చుట్టం, రెండూ ఒకే జాతివి, అందుకే మన వానలకు, మన మట్టికి అది బెంగపడదు. నీడ కాస్త ఎక్కువున్న చోటైతే బాల్సం, టొరేనియా. ఈ రెండింటికీ మట్టి ఎప్పుడూ తేమగా ఉండాలి, వానాకాలంలో ఆ పని ఆకాశమే చూసుకుంటుంది.

రంగులు ఎలా కలపాలి? నేను పెట్టినవి గజిబిజిగా కనిపిస్తున్నాయి.

ఒక కుండీలో రెండు రంగులు, వాటికి తోడు తెలుపు, అంతకు మించొద్దు. ఆరు రంగుల మిక్స్ ప్యాకెట్ ఒకే కుండీలో చల్లితే దూరం నుంచి ఏ రంగూ తెలియదు. నాకు బాగా నచ్చింది ఊదా పెటూనియా, పసుపు ఫ్రెంచ్ బంతి. పసుపు, ఊదా పక్కపక్కన పడితే రెండూ వెలుగుతాయి, మన చీరల అంచుల్లో చూసిందేగా. మిద్దె మీది మధ్యాహ్నపు ఎండలో లేత గులాబి, లేత నీలం వెలిసిపోయినట్టుంటాయి, అక్కడ ముదురు రంగులే పెట్టండి. లేత రంగులు నీడ బాల్కనీకి.

ఆఫీసు నుంచి వచ్చేసరికి పూలన్నీ ముడుచుకుని ఉంటున్నాయి, మొక్క చెడిపోయిందా?

మీరు పెట్టింది నాచు అయితే చెడిపోలేదు, దాని తీరే అంత. ఎండ పడ్డాక విచ్చుకుని మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటుంది, మబ్బు రోజుల్లో సరిగా విచ్చదు కూడా. సాయంత్రాలే ఇంట్లో ఉండేవాళ్ళు నాచును అంచుకే పరిమితం చేసి, మిగతా చోటు రోజంతా విచ్చి ఉండే బిళ్ళ గన్నేరుకో పెటూనియాకో ఇవ్వండి. తెల్ల రంగు ఎక్కువ పెట్టండి, చీకటి పడుతున్నప్పుడు కనిపించేది అదే. ఒక కుండీ ఖాళీగా ఉంటే చంద్రకాంత వేసుకోండి, సాయంత్రం నాలుగు దాటాక విచ్చుకుని రాత్రంతా వాసనేస్తుంది. దానికి దుంప ఊరుతుంది కనుక వేరే మొక్కలతో కలపకుండా ఒంటరిగానే పెంచాలి.

బిళ్ళ గన్నేరు విషమట కదా, ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

ముట్టుకుంటే ఏమీ కాదు, తింటే ప్రమాదం. వింక్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందులు ఈ మొక్క నుంచే వచ్చాయి, అంత ఘాటైన పదార్థాలు ఆకులో ఉన్నాయని అర్థం. ఆకులు కోసి నోట్లో పెట్టుకునే వయసు పిల్లలో, మొక్కలు నమిలే కుక్కపిల్లో ఉంటే అందని ఎత్తులో పెట్టండి, లేదా దాని బదులు జినియా వేసుకోండి. షుగర్‌కు మంచిదని ఈ ఆకులు నమిలే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. దయచేసి డాక్టరును అడగకుండా ఆ పని చేయనివ్వకండి.

## నాటేటప్పుడు

మట్టి ఏ పాళ్ళలో కలపాలి?

నాలుగు పాళ్ళు ఎర్రమట్టి, మూడు పాళ్ళు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), మూడు పాళ్ళు వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు), కుండీకి ఒక గుప్పెడు వేపపిండి. పెటూనియా, సాల్వియా, బంతికి ఇది సరిపోతుంది. నాచు, బిళ్ళ గన్నేరు కుండీకైతే కోకోపీట్ సగానికి తగ్గించి ఆ మేరకు ముతక ఇసుక కలపండి. కోకోపీట్ ఇటుకను నానబెట్టిన నీళ్ళను పారబోసి, రెండుసార్లు కడిగి వాడండి, దానిలో ఉప్పు ఉంటుంది. పశువుల ఎరువు వాడేవాళ్ళు బాగా మాగినదే తీసుకోండి, పచ్చిది వేస్తే ఆ వేడికి లేత వేళ్ళు కాలిపోతాయి.

అడుగున గులకరాళ్ళు వేస్తే నీళ్ళు బాగా దిగుతాయా?

దిగవు. మట్టిలో నీరు రాళ్ళ దాకా వచ్చి, పై మట్టి పూర్తిగా తడిసి ముద్దయ్యేదాకా అక్కడే ఆగుతుంది. అంటే తడి పొర పైకి, వేళ్ళ దగ్గరికి జరిగిందన్నమాట. ఆ రెండు అంగుళాలు కూడా మట్టికే ఇవ్వండి. రంధ్రాలు నాలుగైనా ఉండాలి, వాటి మీద ఒక పెంకు ముక్కో దోమతెర ముక్కో వేస్తే మట్టి జారదు. కుండీని నేలకు ఆనించకుండా కింద ఇటుక ముక్కలు పెట్టడం మాత్రం తప్పనిసరి.

తెచ్చిన రోజే నాటేయాలా?

రెండు రోజులు మీ ఇంటి ఎండకు అలవాటు పడనివ్వండి, నర్సరీలో అవి షేడ్ నెట్ (ఎండ తగ్గించే వల) కింద పెరిగి ఉంటాయి. ఆ తర్వాత సాయంత్రం పూట నాటండి. కవరు చింపి వేరుముద్ద చెదరకుండా, కవరులో మట్టి ఎంత ఎత్తున ఉందో అంతే లోతులో. మొదలు పూడ్చేస్తే కుళ్ళుతుంది. ముందు ఎత్తు మొక్క, తర్వాత మధ్యవి, చివర అంచువి. కుండీని గోడకు ఆనించి పెడతారనుకోండి, ఎత్తుది వెనక్కి పెట్టండి. ఉన్న పూలన్నీ ఆ రోజే తుంచేయండి. మనసు ఒప్పదు, తెలుసు, కానీ ఆ బలం వేళ్ళకు పోవాలి.

విత్తనం వేస్తే సంక్రాంతికి పూస్తాయా? ఎప్పుడు వేయాలి?

ఫ్రెంచ్ బంతి, జినియా విత్తిన రెండు నెలల లోపు పూస్తాయి, అక్టోబరు చివరికల్లా వేస్తే గొబ్బెమ్మల మీదికి మీ ఇంటి పూలే. జినియాకు వేళ్ళు కదిలిస్తే నచ్చదు, నేరుగా కుండీలోనే వేయండి. పెటూనియా నిదానం, విత్తిన దగ్గర్నుంచి రెండున్నర, మూడు నెలలు పడుతుంది, అందుకే సెప్టెంబరులోనే వేయాలి. దాని విత్తనం దుమ్ములా ఉంటుంది, పైన మట్టి కప్పకూడదు, వెలుతురు తగిలితేనే మొలుస్తుంది. నీళ్ళు స్ప్రేతో మాత్రమే. కోస్తాలో చలి ఆలస్యంగా వస్తుంది కనుక పెటూనియా, పాన్సీ లాంటివి ఇంకో మూడు వారాలు ఆగి నాటుకోవడం మేలు.

## రోజువారీ పనులు

రోజూ నీళ్ళు పోయాలా?

రోజులు లెక్కపెట్టకండి, వేలు పెట్టి చూడండి. అంగుళం లోతున పొడిగా ఉంటే పోయండి, కింద రంధ్రాల నుంచి కారేదాకా. కప్పుతో పైపైన పోస్తే పై వేళ్ళే తాగుతాయి. హైదరాబాద్ చలికాలంలో పెద్ద కుండీకి రోజు విడిచి రోజు సరిపోతుంది, ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తప్పదు. మధ్యాహ్నం ఆకులు వాలాయని వెంటనే పోయకండి, సాయంత్రానికి వాటంతటవే లేస్తే అది దాహం కాదు, వేడి. పూల మీద నీళ్ళు పడకుండా మొదట్లో పోయండి, పెటూనియా రేకులు తడిస్తే ఇట్టే చీకిపోతాయి.

పెటూనియా కొత్త ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఎరువు తక్కువైందా?

ఇది చాలావరకు బోరు నీళ్ళ పని. మన బోర్లలో సున్నపు ఉప్పులు ఎక్కువ, కుండీ అంచున తెల్లటి పొర కట్టిందంటే అదే. మట్టి క్షారగుణానికి తిరిగి, అందులో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు, పెటూనియాకు ఈ బాధ మిగతావాటికంటే ఎక్కువ. చిలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా తీసుకోగల రూపంలో ఉండే ఇనుము) లీటరుకు అర గ్రాము కలిపి సాయంత్రం ఆకుల మీద కొట్టండి, కొత్త ఆకులు పచ్చబడతాయి. వీలైతే వాన నీళ్ళు పట్టిపెట్టుకోండి. ఏసీ నుంచి కారే నీళ్ళలో ఉప్పులుండవు, అవీ వాడొచ్చు. ఆర్‌వో ఫిల్టరు వదిలేసే నీళ్ళు మాత్రం పోయకండి, బోరు నీళ్ళకంటే అవే ఉప్పన.

ఆకులు దట్టంగా వస్తున్నాయి, పూలే లేవు. ఏం తప్పు చేస్తున్నాను?

నత్రజని ఎక్కువైంది, లేదా ఎండ చాలడం లేదు. యూరియా, పేడ ఎరువు అదేపనిగా వేస్తుంటే ఆపండి. నాటిన మూడు వారాల దాకా ఏమీ వద్దు, ఆ తర్వాత 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండే, నీళ్ళలో కరిగే ఎరువు) లీటరుకు 2 గ్రాములు, పదిహేను రోజులకోసారి. మొగ్గలు కనిపించాక మధ్యలో ఒకసారి పొటాష్ ఎక్కువుండే 13:0:45 ఎరువు అదే మోతాదులో ఇస్తే పూత నిలుస్తుంది. మట్టి తడిగా ఉన్నప్పుడే ఎరువు నీళ్ళు పోయాలి. అరటి తొక్కల నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు చెడు చేయవు, కానీ నాలుగు మొక్కలున్న కుండీకి ఆ కాస్త చాలదు.

వాడిన పూలు తీయడం నిజంగా అంత ముఖ్యమా?

నెలల తరబడి పూత రావాలంటే ఎరువుకంటే ఇదే ముఖ్యం. సీజనల్ మొక్కకు ఉన్న పనల్లా గింజ కట్టడం. గింజ కట్టిందంటే ఇక తన పని అయిపోయినట్టే, పూత తగ్గించేస్తుంది. పెటూనియాకు వాడిన రేకులు మాత్రం లాగితే లాభం లేదు, దాని వెనకున్న పచ్చటి కాయ కూడా తుంచాలి. బంతి, జినియాలకు పువ్వు కింద మొదటి ఆకుల జత దాకా కత్తిరించండి, అక్కడి నుంచి రెండు కొమ్మలు వస్తాయి. సాల్వియాకు కంకి మొత్తం తీసేయాలి. అలిసమ్‌ను ఒక్కొక్కటీ తీయలేం, పూత పలచబడ్డప్పుడు కత్తెరతో మూడో వంతు కత్తిరించండి. నాచు, బిళ్ళ గన్నేరు వాడిన పూలు వాటంతటవే రాల్చుకుంటాయి, తీరిక లేనివాళ్ళు ఈ రెండే పెంచుకోవచ్చు.

పెటూనియా తీగలా సాగి మధ్యలో బోడిగా అయింది.

కత్తిరించండి, భయపడొద్దు. అన్ని కొమ్మలూ ఒకేసారి కాకుండా ఈ వారం సగం, వచ్చే వారం సగం, అప్పుడు కుండీ ఒక్కసారిగా ఖాళీ కాదు. ఆకులున్న కణుపు పైన కత్తిరించి ఒకసారి ఎరువు నీళ్ళు ఇస్తే మూడు వారాల్లో తిరిగి గుబురవుతుంది. జనవరి మొదట్లో ఈ పని చేసినవాళ్ళకు ఫిబ్రవరి అంతా పూలు.

## తెగుళ్ళు

బంతి ఆకులు వెలిసిపోయి సన్నటి గూడు కట్టింది.

ఎర్రనల్లి. ఎండ ముదిరి గాలి పొడిబారాక వస్తుంది. తెల్ల కాగితం మీద ఆకు తట్టండి, చుక్కలు కదులుతాయి. పైపుతో ఆకుల అడుగున నీళ్ళు గట్టిగా కొట్టండి, వరుసగా మూడు రోజులు. తర్వాత వేపనూనె లీటరుకు 5 మి.లీ., నాలుగు చుక్కల లిక్విడ్ సోపు కలిపి సాయంత్రం కొట్టండి, వారానికోసారి. మొక్క సగం పైగా గూడు పట్టిందంటే పీకి కవరులో కట్టి పారేయండి, పక్క మొక్కలనైనా కాపాడుకుంటారు. పిండినల్లి, పేనుబంకకు కూడా ఇదే వేపనూనె పనిచేస్తుంది.

నిన్నటిదాకా బాగున్న బిళ్ళ గన్నేరు ఈరోజు పూర్తిగా వాడిపోయింది, నీళ్ళు పోసినా లేవడం లేదు.

నీళ్ళు పోయడమే ఆపాలి. మట్టి తడిగా ఉండి మొక్క వాడిందంటే వేళ్ళు, మొదలు కుళ్ళాయి. వరుస వానల తర్వాత ఇది మామూలే. మొదలు నల్లబడితే ఆ మొక్క ఇక బతకదు, దాని చుట్టూ మట్టితో సహా తీసేయండి, ఆ గుంతలో వెంటనే ఇంకో బిళ్ళ గన్నేరు పెట్టకండి. ముసురు పట్టిన రోజుల్లో ఆ కుండీలను సన్‌షేడ్ కిందికి జరపండి.

## కాలం మారినప్పుడు

మార్చిలో అన్నీ ఎండిపోతున్నాయి, ఎలా కాపాడాలి?

పెటూనియాను, పాన్సీని కాపాడాలని చూడకండి, వాటి కాలం అయిపోయింది. పీకేసి ఆ చోట ఎండాకాలపు మొక్కలు పెట్టండి. ఫిబ్రవరి రెండో వారంలోనే బొగడబంతి నారు పోసి సిద్ధంగా ఉంచుకుంటే కుండీ ఖాళీగా ఉండదు. విజయవాడ, గుంటూరు వైపు ఈ మార్పు ఇంకాస్త ముందే చేసుకోవాలి. మే నెలలో 50 శాతం షేడ్ నెట్ కడితే బిళ్ళ గన్నేరు కూడా సుఖపడుతుంది, నాచుకు మాత్రం అది అక్కర్లేదు.

మేం డల్లాస్‌లో, మా చెల్లి న్యూజెర్సీలో ఉంటాం. ఇవే జతలు పనిచేస్తాయా?

మొక్కలు అవే, నెలలే తలకిందులు. న్యూజెర్సీలో మే మధ్య దాకా మంచు భయం ఉంటుంది కాబట్టి అప్పుడు నాటితే పెటూనియా, సాల్వియా, అలిసమ్ వేసవంతా, అక్టోబరు దాకా పూస్తాయి, ఇక్కడ మనకు చలికాలం చేసే మేలు అక్కడ వేసవి చేస్తుంది. డల్లాస్ జులై, ఆగస్టు నెలలు మన ఏప్రిల్, మే లాంటివి, అక్కడ బిళ్ళ గన్నేరు, నాచు, బొగడబంతి పెట్టుకోండి. పాన్సీలు అక్కడ అక్టోబరులో నాటితే చలికాలమంతా ఉంటాయి.

ఈ ఏడాది గింజలు, ఈ ఏడాది మట్టి వచ్చే ఏడాదికి వాడొచ్చా?

నాటు బంతి, జినియా, కోడిజుట్టు, బొగడబంతి గింజలు దాచుకోండి, సీజన్ చివర్లో మంచి మొక్కకు రెండు మూడు పూలు కోయకుండా వదిలి, పూర్తిగా ఎండాక తీసి కాగితపు పొట్లంలో. హైబ్రిడ్ పెటూనియా గింజలు మొలుస్తాయి కానీ తల్లి రంగు, తల్లి ఆకారం రావు. మట్టిని పారేయకండి, వేళ్ళు ఏరేసి, మే ఎండలో నల్ల ప్లాస్టిక్ షీటు మీద పలచగా వారం రోజులు ఆరబెట్టి, మూడో వంతు కొత్త వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి కలపండి. మొక్క కుళ్ళి చనిపోయిన కుండీ మట్టి మాత్రం ఇందులో కలపొద్దు.